కార్డులో పట్టని మాట

అన్నయ్య పోయిన నలభై రోజులకి నేను వాడి చావుని వేరేవాళ్ళకి ఇచ్చేశాను. కావాలని ఇచ్చానని చెప్పలేను, పొరపాటున ఇచ్చానంటే అబద్ధమవుతుంది. ఆ ఎండాకాలం నేను చేసిన పనులన్నీ ఈ రెండింటికీ మధ్యలోనే ఎక్కడో ఉండేవి.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ప్రెస్సులో నేను కార్డులు తయారు చేస్తాను. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు, అన్నీ చేస్తాం గాని మా ప్రెస్సుకి పేరొచ్చింది పోయినవాళ్ళ కార్డులతోనే. పైన ఫోటో, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆ కింద సన్న గీతల గడిలో నాలుగు లైన్ల కవిత. ఆ నాలుగు లైన్లూ రాసేది నేను. చదువుకునే రోజుల్లో కాస్త కవిత్వం గిలికానని ఎవరో మా ఓనరు చెవిన వేశారు, ఆ పాపానికి ఆరేళ్ళుగా రాస్తున్నాను. వీధిలో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోయి 'నాలుగు లైన్ల పిల్ల' అనేవాళ్ళు ఎక్కువయ్యారు.

కంప్యూటర్లో ఆ కవితలకి ఒక వరస ఉంది. తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు, ఒక్కో బంధుత్వానికి ఒక్కో ఫోల్డరు. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పోయినవాళ్ళు మీకేమవుతారని అడిగి, ఆ ఫోల్డరు తెరుస్తాను. తల్లికి రాసింది తండ్రికి వాడాలంటే 'ఒడి' తీసేసి 'భుజం' పెడితే సరిపోతుంది. వ్యాపారస్తుడైతే 'కొట్టు', టీచరైతే 'బడి'. ఆరేళ్ళలో ఒక్క కార్డుకీ నా కళ్ళు తడవలేదు. మిఠాయి కొట్లో పనిచేసేవాడికి తీపి మీద యావ ఉండదు కదా.

అన్నయ్య పెద్ద భవనాలకి అద్దాలు బిగించేవాడు. వేసవి మొదట్లో ఒక పొద్దున ఐదో అంతస్తు నుంచి పడిపోయాడు. వాడు బిగించిన అద్దానికి మాత్రం గీత కూడా పడలేదు. వాడి కార్డుకి నాలుగు లైన్లు రాయమని నన్నడగడానికి ఓనరుకి నోరు రాలేదు, పాపం. తనే 'కొడుకు' ఫోల్డరు తెరిచి, పైన కనబడింది తీసి వేసేశాడు. అది నేనెప్పుడో మూడేళ్ళ పిల్లాడికి రాసింది. ఇరవై ఏడేళ్ళవాడు, ఆరడుగుల మనిషి, మీసాలతో నవ్వుతున్న ఫోటో కింద 'బుడిబుడి అడుగుల బుజ్జి నాన్నా' అని అచ్చయింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. నాకూ ఏమీ అనిపించలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, అలా ఉన్నాను. వారం తిరక్కుండా పనిలోకి వెళ్ళిపోయాను.

అమ్మ నాకంటే ముందే పనిలో కూర్చుంది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. బడులు తెరిచేలోగా నాలుగు వందల చొక్కాలు ఇవ్వాలి. మేముండేది కింది వాటాలో రెండు గదులు, మనుషులం ఇద్దరమే మిగిలాం, ఆ ఇద్దరి మధ్యా మాటలు తాళంచెవి దగ్గరా గ్యాసు బండ దగ్గరా ఆగిపోయేవి. చుట్టాలు వచ్చి అమ్మని చూసి, గట్టిదానివే అని వెళ్ళారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆవిడ పట్టించుకోలేదు. ఆ చెయ్యి గుడ్డ మీద నుంచి లేవలేదు.

భోజనానికి నేను ఒంటిగంటకి ఇంటికి వస్తాను. ఒకరోజు గుమ్మం దాకా వచ్చేసరికి లోపల మిషను చప్పుడు కింద అమ్మ గొంతు వినబడింది. ఎవరో వచ్చారనుకుని మెట్టు మీదే ఆగాను. లోపల ఎవరూ లేరు. అమ్మ మిషను తొక్కుతూ మాట్లాడుతోంది. అది పాతకాలం కాలి మిషను, పట్టాలు అరిగిపోయి రైలంత చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడులో తన మాట తనకే వినబడదని ఆవిడ నమ్మకం. గదిలో ఉన్నవాళ్ళకి నిజంగానే వినబడదు. కానీ మిషను ఉన్నది కిటికీ పక్కన. బయట మెట్టు మీద నిలబడితే ప్రతి ముక్కా తెలుస్తుంది.

చొక్కాకి ఒక పక్క కుట్టు మొదలయ్యి చివరికి వచ్చేలోగా ఒక మాట అయ్యేది. గుడ్డ తిప్పి, రెండో పక్క కుట్టేటప్పుడు ఇంకో మాట.

చెప్పులు విప్పిన చోటే ఉన్నాయి, కాళ్ళే రాలేదు కొడుకా.
ఊడిన గుండీ కుట్టి పెట్టాను, తొడుక్కునే ఒళ్ళే లేదు కొడుకా.
నువ్వు బిగించిన అద్దంలో ఊరంతా కనబడుతోంది, నువ్వే కనబడవు కొడుకా.
కలలోకైనా వస్తావని పడుకుంటే, కన్నే మూతపడదు కొడుకా.

ఆ తర్వాత ఆకలనో, లేవాలనో ఏదో అనుకుని మిషను ఆపేసేది. నేను అప్పుడే వచ్చినదానిలా చెప్పులు చప్పుడయ్యేలా విప్పి లోపలికి వెళ్ళేదాన్ని. ఆవిడ వడ్డించేది, నేను తినేదాన్ని. ఏం తిన్నావని చెయ్యి కడుక్కోకముందే అడిగినా చెప్పలేకపోయేదాన్ని.

మర్నాడూ అవే మాటలు, ఆ మర్నాడూ అవే. ఒక్కోసారి గుండీ ముందొచ్చేది, చెప్పులు తర్వాత. నేను ప్రెస్సులో ఐదు నిమిషాలు ముందే లేచి వచ్చేయడం మొదలుపెట్టాను. ఆ మెట్టు మీదే అన్నయ్య చెప్పులు ఉండేవి. పనికి బూట్లు వేసుకుని వెళ్ళాడు కాబట్టి చెప్పులు మిగిలిపోయాయి, ఎవరమూ తియ్యలేదు. వాటి పక్కన నిలబడి వినేదాన్ని. మొత్తం రోజులో అన్నయ్య మా ఇంట్లో ఉండేది ఆ కాసేపే. నేను వింటున్నానని తెలిస్తే అమ్మ మానేస్తుంది. ఆ ఎండాకాలం నాకున్న భయం అదొక్కటే.

ఇక బ్యాండు ఆయన సంగతి. పెళ్ళి ఊరేగింపుల్లో వాయించే బ్యాండులో పాడతాడు, గొంతు బొంగురు, అందుకని ఊళ్ళో అందరికీ బొంగురాయనే. ఒక పొద్దున వచ్చి నా ముందు కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళ డ్రమ్ము వాయించే అతను జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడట. ఇరవై నాలుగేళ్ళు. నేను మామూలుగా మంచినీళ్ళిచ్చి 'కొడుకు' ఫోల్డరు తెరిచాను.

"రెడీగా ఉన్నది వద్దమ్మా," అన్నాడాయన. "మొన్న ఎవరిదో కార్డు చూశాను. ఇంతింత మీసాలున్న మనిషికి బుడిబుడి అడుగులని వేశారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు."

ఆ మీసాల మనిషి ఎవరో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

"వాడి తల్లికి చదువు రాదు. నేనే నలుగురిలో నిలబడి పైకి చదవాలి," అన్నాడు మళ్ళీ. "ఆవిడ ఇంతవరకూ ఏడవలేదమ్మా. కూర్చున్న చోటు నుంచి లేవడం లేదు. ఏడుపొచ్చేలా రాయి."

ఫోల్డరు మూసేసి కొత్త పేజీ తెరిచాను. రాయడానికి లోపల ఏమన్నా ఉందేమో అని చూసుకున్నాను, ఏమీ లేదు. చేతులు మాత్రం వాటంతటవే టైపు చేశాయి. చెప్పులు, గుండీ, అద్దం, కల. నాలుగు లైన్లు, గడిలో కొలిచినట్టు సరిపోయాయి. అమ్మ చివర్లో అనుకునే ఆకలి మాట కూడా గుర్తొచ్చింది గాని చోటు లేదు. చోటున్నా పెట్టేదాన్ని కాదు. అది వంటింటి మాట, కవిత్వం కాదనుకున్నాను. ఆరేళ్ళ అనుభవం మరి.

మామూలుగా చివర ఒక పని చేస్తాను. పోయినవాళ్ళ వృత్తికి తగ్గట్టు మాటలు మారుస్తాను. ఆ రోజు అది మర్చిపోయాను. ప్రూఫు బొంగురాయన చూశాడు, ఓనరు చూశాడు, నేను చూశాను, ముగ్గురమూ అద్దాన్ని దాటుకుని వెళ్ళిపోయాం. ఆయన రెండు వందల కార్డులు పట్టుకెళ్ళాక, మిగిలిన రెండు కార్డులు ఫైల్లో పెడుతుంటే నాకు తట్టింది. ఎవరైనా వెనక్కి తెస్తారేమో అని రెండు రోజులు చూశాను. ఎవరూ తేలేదు.

బొంగురాయన సంతాప సభలో చదవడానికే లేచాడట. మొదటి లైను చదివాడు, రెండో లైనుకి గొంతు దానంతటదే రాగంలోకి వెళ్ళిపోయింది. వెనక బ్యాండువాళ్ళు ఊరికే కూర్చోలేక కుర్చీ చేతుల మీద దరువు వేశారు. మూడో లైనుకి ఆ తల్లి ఏడ్చింది. ఎవరో అదంతా ఫోనులో పట్టారు, పాట, దరువు, ఆవిడ ఏడుపుతో సహా.

తర్వాత అది ఎలా పాకిందో నాకు వరసగా తెలియదు. మొదట ఆటోల్లో వచ్చింది. తర్వాత బస్టాండులో, మంగలి షాపులో, సెల్‌ఫోన్ల కొట్టు ముందు పెట్టిన పెద్ద స్పీకరు డబ్బాలో. పది రోజుల్లో పక్క ఊళ్ళ బ్యాండులు నేర్చుకున్నాయి. ఒక స్టూడియోవాళ్ళు 'కొడుకా' తీసేసి 'పిల్లా' పెట్టారు, అది విడిపోయిన ప్రేమికుల పాట అయింది. నేను 'ఒడి' తీసి 'భుజం' పెట్టినట్టే, వాళ్ళని అనడానికేముంది. ఇంకొకళ్ళు దాన్నే వేగం పెంచి డాన్సు పాట చేశారు. చెప్పుల లైను వచ్చినప్పుడు కుర్రాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని గాల్లో ఊపేవాళ్ళు. అద్దం మీద పెద్ద చర్చలు నడిచాయి. డ్రమ్ము వాయించేవాడికి అద్దమేమిటని ఎవరో అడిగితే, అద్దమంటే జీవితమని ఒక లెక్చరరు వివరించాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మా ప్రెస్సుకి జనం క్యూ కట్టారు. అందరికీ 'ఆ అద్దం కవితే' కావాలి. తొంభై రెండేళ్ళకి మంచంలో నిద్రలోనే పోయిన ఒక ముసలమ్మకి కూడా 'నువ్వు బిగించిన అద్దంలో' అనే వెయ్యమన్నారు. 'కొడుకా' ఒక్కటి తీసి 'అమ్మమ్మా' పెట్టాను. ఓనరు నన్ను మెచ్చుకుని, నా కుర్చీకి మెత్త వేయించాడు. బస్సులో పక్కనున్న మనిషి అదే పాట వింటూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. సిగ్గన్నా వెయ్యాలి కదా అనుకున్నాను. అదీ వెయ్యలేదు.

ఒంటిగంటకి మాత్రం మెట్టు దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. అమ్మ గడప దాటదు. ఇంట్లో రేడియో లేదు, ఆవిడ దగ్గర ఫోను లేదు, ఉన్నదల్లా రైలంత మిషను. అది తొక్కుతున్నంతసేపూ బయటిదేదీ ఆవిడ చెవిన పడదని నేను ధైర్యంగా ఉన్నాను. ఊరంతా ఆవిడ మాటలు పాడుతుంటే, ఆవిడ లోపల కూర్చుని అవే మాటలు గొంతు తగ్గించి చెప్పుకునేది. నేను మధ్యలో మెట్టు మీద ఉండేదాన్ని.

ఒక ఆదివారం మేడమీదావిడ తన కూతురి యూనిఫారం కోసం కిందికి దిగింది. అమ్మ మిషను ఆపి, మడత పెట్టిన బట్టల్లో వెతుకుతోంది. నేను మూలన కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తున్నాను. అప్పుడే మేడమీదావిడ ఫోను మోగింది. రింగ్‌టోను సరిగ్గా మూడో లైను దగ్గర మొదలైంది.

ఆవిడ ఫోను మాట్లాడి పెట్టేసేదాకా అమ్మ చొక్కా చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత ఆ మోగినదాన్ని మళ్ళీ ఒకసారి వినిపించమని అడిగింది. ఆవిడ సంబరంగా మొత్తం పాట పెట్టింది. వింటే ఏడుపు ఆగదండీ, నేనైతే రోజుకోసారైనా ఏడుస్తాను అని కూడా చెప్పింది.

పాట అయిపోయాక అమ్మ అడిగింది. "ఎవరిదట?"

"బ్యాండువాళ్ళదండీ. వాళ్ళలో డ్రమ్ము కొట్టే అబ్బాయి పోతే కట్టారట."

"డ్రమ్ము కొట్టేవాడు అద్దాలెందుకు బిగించాడు?"

"అద్దమంటే అద్దం కాదటండీ," అంది మేడమీదావిడ. "జీవితమట."

"అలాగా," అంది అమ్మ.

యూనిఫారం కవర్లో పెట్టి ఇచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. తిరిగి వచ్చి మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. నా వైపు చూడలేదు. నేను తెల్ల గుండీలు నీలం గుండీల్లో కలిపేసి, మళ్ళీ వేరు చేస్తూ కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగ అరవడని సామెత. అరవకపోయినా దొంగ ఎవరో ఆ గదిలో ఇద్దరికీ తెలిసిపోయింది.

సోమవారం ఒంటిగంటకి మెట్టు మీద నిలబడితే మిషను చప్పుడొక్కటే వచ్చింది. మాట లేదు. చొక్కా ఒక పక్క కుట్టు అయింది, రెండో పక్క అయింది, కాలరు అయింది. కిటికీ సందులోంచి చూశాను. పెదవులు బిగించుకుని కుడుతోంది. చాలాసేపు నిలబడ్డాను. అన్నం చల్లారిపోతుందేమో అని ఆవిడే మిషను ఆపి లేచింది.

మంగళవారం అంతే. ఆ వారమంతా అంతే.

అడిగితే చెబుదామనుకున్నాను. ఆవిడ అడగలేదు. నాకై నేను చెబుదామని రోజూ వీధి మలుపులో మాటలు కూర్చుకునేదాన్ని, గుమ్మంలోకి వచ్చేసరికి అవి నాలుగు లైన్ల కవితలా తయారయ్యేవి. ఆ వరసలో నేను చెప్పలేకపోయాను. ఓనరు దగ్గరికి వెళ్ళి ఆ కవిత ఇక వెయ్యద్దని అడిగాను. నీకేమైనా పిచ్చా, జనం దానికోసమే వస్తుంటే అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కంచే చేను మేశాక కాపలావాడితో గొడవేమిటి.

ఒక సాయంత్రం మా వీధిలోంచే పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. వేగం పెంచిన రకం వాయిస్తున్నారు. కుర్రాళ్ళు చెప్పులు గాల్లోకి ఎత్తి మా కిటికీ ముందే ఎగిరారు. అమ్మ కిటికీ రెక్క వెయ్యలేదు. కత్తెర కింద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఊరేగింపు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత లేచి బయటికి వెళ్ళి మెట్టు మీద ఉన్న అన్నయ్య చెప్పులు లోపలికి తెచ్చింది, దుమ్ము దులిపింది, మిషను కింద పెట్టింది. అప్పుడైనా ఏదో ఒకటి అంటుందని చూశాను. కాజాలు కుట్టుకుంటూ కూర్చుంది.

బడులు తెరవడానికి ఇంకో నాలుగు రోజులు ఉన్నాయనగా బొంగురాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ప్రెస్సులో అడిగితే ఓనరు గుర్తులు చెప్పి పంపాడట. ఒంటిగంట కావస్తోంది. నేనూ అప్పుడే వచ్చాను, ఇద్దరం మెట్టు దగ్గరే కలిశాం. పైన మబ్బు పట్టి ఉంది. వద్దని వెనక్కి పంపుదామనుకునేలోగా అమ్మ లోపలి నుంచి ఎవరని అడిగింది. బ్యాండులో పాడతానమ్మా అన్నాడాయన. మిషను ఆగింది.

అమ్మ లేచి ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని నన్ను పొగడటం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు ఊరేగింపుల్లో గొంతు చించుకున్నా రాని పేరు మీ అమ్మాయి నాలుగు ముక్కలతో వచ్చిందన్నాడు. నేను కట్టిన వరస ఏమీ లేదమ్మా, ఆ మాటల్లోనే దరువు ఉంది, చదువుతుంటే అదే నడిపించుకుపోయింది అన్నాడు. నా కళ్ళు అమ్మ పాదం మీదికి వెళ్ళాయి. అది మిషను పలక మీదే ఉంది.

"నేను రాయలేదండీ," అన్నాను. "మా అమ్మ మాటలు. మా అన్నయ్య పోయాక మిషను దగ్గర అనుకునేది. నేను అడక్కుండా తీసుకుని మీ కార్డులో పెట్టాను."

కూర్చుకున్న మాటలేవీ కావవి. అలా వచ్చేశాయి. బొంగురాయన గ్లాసు కింద పెట్టాడు. గోడ మీద ఉన్న అన్నయ్య ఫోటో అప్పుడు చూశాడు. ఆ మీసాలు చూశాడు. కార్డు గురించి తాను నాతో అన్నమాట గుర్తొచ్చిందనుకుంటాను, తల దించుకున్నాడు. అమ్మ మా ఇద్దరినీ చూడకుండా, ఆయన వచ్చిన పనేమిటో చెప్పమంది.

"నేను పేరు కోసం రాలేదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ అబ్బాయి తల్లి రోజూ ఫోన్ చేసి పాడమంటుంది. పాడతాను. అయిపోయాక, తర్వాతదేమిటి అంటుంది. తర్వాత లేదంటే ఒప్పుకోదు. ఇది సగంలో ఆగిపోయింది, దీనికి ఇంకా ఉంది అంటుంది. మీ అమ్మాయిని అడిగి రాయించుకెళదామని వచ్చాను."

అమ్మ చేతిలో ఉన్న చొక్కాకి వేలాడుతున్న దారం పంటితో కొరికింది.

"ఆవిడ నిజమే చెప్పింది," అంది. "ఇంకో ముక్క ఉంది. ఆవిడకి ఇంకా పిల్లలున్నారా?"

"ఒక కూతురుందమ్మా."

అమ్మ మిషను తొక్కకుండానే చెప్పింది. ఆ మాట మిషను చప్పుడు లేకుండా వినడం నాకు అదే మొదటిసారి.

"ఇంకొకతి ఉంది ఇంట్లో. అది ఆకలేసినా అడగదు. నేనే లేవాలి."

బొంగురాయన పెదవులతో ఆ మాట రెండుసార్లు అనుకున్నాడు. బట్టలు కత్తిరించే బల్ల అంచు మీద వేళ్ళతో దరువు వేస్తూ రాగంలో పెట్టబోయాడు. కుదరలేదు. ముందుది వెనక్కి పెట్టి చూశాడు, ఒక మాట సాగదీసి చూశాడు. మళ్ళీ మొదటికొచ్చాడు.

"తాళంలోకి రావడం లేదమ్మా," అన్నాడు. "చివర 'కొడుకా' అని పెడితే వస్తుందేమో."

"అది వాడితో అన్నమాట కాదు," అంది అమ్మ. "పాడొద్దులే. ఆవిడకి ఊరికే చెప్పు చాలు."

ఆయన తలూపాడు. వెళ్ళేటప్పుడు ఫోటో ముందు ఒక్క క్షణం నిలబడి, బయటికి నడిచాడు. ఆ పాట ఇప్పటికీ నాలుగు లైన్లే. మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. వారాల తరబడి ఆ మెట్టు మీద నిలబడి చెవులు రిక్కించి విన్నాను, అందులో నా గురించి ఉన్న ఒక్క మాటనీ వంటింటి మాట అని కొట్టేశాను. అది తలుచుకుంటే ఏడుపు రావాలి. రాలేదు. అక్కడే కింద కూర్చున్నాను.

అమ్మ లేచింది. రెండు కంచాలు తెచ్చింది. అన్నం పెట్టి, కూర వేసి, తనూ నా ఎదురుగా కూర్చుంది. అన్నయ్య పోయాక మేమిద్దరం కలిసి కూర్చుని తినడం అదే మొదలు. బయట వాన మొదలైంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాను.

"ఉప్పెక్కువైంది," అన్నాను.

అమ్మ తన కంచంలోకి చూసుకుంది. "వాడు పోయినప్పట్నుంచీ చెయ్యి అలాగే పడుతోంది," అంది. "నువ్వెప్పుడంటావా అని చూస్తున్నాను."

మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. నేను తాగాను. కంచంలో ఉన్నదంతా తిన్నాను. తిని, ఇంకా ఆకలిగా ఉంది, ఇంకొంచెం పెట్టమని అడిగాను.